బాలింతకు వెల్లుల్లి రోల్స్

ఆ తొమ్మిది రోజుల్లో మా ఇంట్లో పోయినవేమిటో ముందు రాస్తాను.

నా మనవడి బరువులో, నా లెక్క ప్రకారం, మూడువందల నాలుగు గ్రాములు. మా అమ్మాయి అసలు ముట్టకుండా వదిలేసిన పూటలు ఐదు, నాలుగు ముద్దలు తిని లేచిన పూటలు మరో ఐదు. మూడు వాయిల వెల్లుల్లి రోల్స్, వాయికి ఏడు చొప్పున ఇరవై ఒకటి. వాటితోపాటు ముప్పావు కిలో గోధుమపిండి, మూడు గడ్డల పాత వెల్లుల్లి, నూట యాభై గ్రాముల గేదె వెన్న. కుక్కరు గాస్కెట్ ఒకటి, కరిగిపోయింది. నా కుడిచేతి చూపుడువేలి మీద చింతగింజంత చర్మం. నిద్ర ఎంత పోయిందో మాత్రం గంటల్లో కట్టలేదు. నేను కట్టకుండా వదిలేసిన లెక్క అదొక్కటే.

ఇప్పుడు ఇదంతా కాలు మీద కాలేసుకుని రాస్తున్నాను. అప్పుడు మాత్రం బరువు రాసుకునే కాగితం తీయాలంటేనే చెయ్యి వచ్చేది కాదు.

నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో కాటా దగ్గర పనిచేస్తాను. నా చదువు ఏడో తరగతితో ఆగింది. ఇరవై దాకా ఎక్కాలు బళ్ళో వచ్చాయి. ఇరవై ఒకటి నుంచి నలభై దాకా టిక్కీల మధ్య కూర్చుని నేనే కట్టుకున్నాను. టిక్కీ అంటే మా వైపు మిర్చి బస్తా. ఇరవై ఎనిమిదేళ్ళుగా నా పని ఒకటే: టిక్కీ కాటా మీదికి ఎక్కగానే అంకె చూడటం, అందులో గోతం బరువు తరుగు తీయడం, మిగిలింది రాయడం. వచ్చే ప్రతి గోతాన్నీ విడిగా తూచుకుంటూ కూర్చుంటే బండ్లు రోడ్డు దాకా నిలబడిపోతాయి. అందుకని సీజను మొదట్లో ఒక ఖాళీ గోతం తూచి, తరుగు ఇంత అని కట్టుకుంటాం. ఇక ఆ సీజనంతా అదే.

మా అమ్మాయి తొలి కాన్పుకి ఏడో నెలలో ఒంగోలు నుంచి మా ఇంటికి వచ్చింది. ఫిబ్రవరిలో కాన్పు అయింది. మగపిల్లవాడు, రెండు కిలోల ఎనిమిదివందల అరవై గ్రాములు. నాలుగో రోజు ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రిలో మళ్ళీ తూచారు. రెండు ఆరువందల తొంభై. నూట డెబ్బై తగ్గాడు. నా ముఖం చూసి నర్సమ్మ నవ్వింది.

"పుట్టిన పిల్లలు మొదటి వారం తగ్గుతారండీ. పదో వంతు దాకా ఏం భయం లేదు. అది దాటితే మాత్రం నాకు ఫోన్ చెయ్యండి."

పదో వంతు అంటే రెండువందల ఎనభై ఆరు. ఆ అంకె నేను ఆటోలోనే కట్టేశాను. అది అక్కడితో ఆగలేదు. కోల్డ్ స్టోరేజీలో శాంపిల్ మిర్చి తూచే చిన్న కాటా ఒకటి ఉంది, రెండు గ్రాముల తేడా కూడా చూపిస్తుంది. యజమానిని అడిగి దాన్ని ఇంటికి తెచ్చాను. రోజూ పొద్దున ఆరున్నరకు, మా ఆవిడ స్నానం చేయించకముందు, కాటా మీద స్టీలు పళ్ళెం పెట్టి సున్నా చేసి, మనవణ్ణి గుడ్డలో చుట్టి పడుకోబెట్టి తూచడం మొదలుపెట్టాను. చుట్టింది చీరాల తుండుగుడ్డ. ముందే తూచి పెట్టుకున్నాను, నూట తొంభై గ్రాములు. ఐదో రోజు తరుగు పోను రెండు ఆరువందల ఎనభై. ఆరో రోజు రెండు ఆరువందల ఎనభై నాలుగు. నాలుగు గ్రాములు పెరిగాడని వీధిలో ఇద్దరికి చెప్పాను కూడా.

బాధంతా తల్లితో వచ్చింది. అమ్మాయి తినడం లేదు.

మా ఇళ్ళల్లో బాలింతకు వెల్లుల్లి కారం పెడతారు. వెల్లుల్లి రెబ్బలు నేతిలో ఎర్రగా వేయించి, జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, ఉప్పు వేసి దంచుతారు. పొగలు కక్కే అన్నంలో అదీ నెయ్యీ, మూడు పూటలా అదే. పాలు పడాలంటే అదే తినాలి. బియ్యం పాతవి కావాలి, వెల్లుల్లి కూడా పాతదే కావాలి. మా ఆవిడ అమ్మాయికి ఐదో నెల వచ్చినప్పటి నుంచే పద్నాలుగు గడ్డలు బుట్టలో వేసి వంటింటి దూలానికి వేలాడదీసింది. తలకు గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, మంచం మీద కూర్చున్న అమ్మాయి ఆ కంచం చూడగానే మొహం తిప్పుకునేది.

"తిను తల్లీ, పిల్లాడి కోసమన్నా తిను."

"ఆ వాసనకే కడుపులో తిప్పుతోంది అమ్మా."

"మీ అమ్మమ్మ నాకు నలభై రోజులు ఇదే పెట్టింది. నేను తిన్లా?"

"ఏంటీ?"

"నేను తిన్లా అంటన్నా! దూది తియ్యమాక, గాలి దూరిద్ది!"

ఐదో రోజు సాయంత్రం నేను పక్కన కూర్చుని మెల్లగా అడిగాను, ఏదైతే తింటావమ్మా అని. సిగ్గుపడుతూ చెప్పింది. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్ ఎదురుగా ఒక బేకరీ ఉండేదట. పరీక్షలప్పుడు నలుగురూ వెళ్ళి వెల్లుల్లి, వెన్న పెట్టి చుట్టిన రోల్స్ తినేవాళ్ళట, వేడివేడిగా. "అవైతే తింటానేమో నాన్నా."

మా ఆవిడ గుమ్మంలోంచి విన్నది. "ఇదీ వెల్లుల్లే, అదీ వెల్లుల్లే. ఇది తిప్పిద్దంట, అది తిప్పదంట! బాలింతకి మైదా పెడితే ఊరు నవ్వుద్ది."

నేను సైకిలు తీశాను. మా మెయిన్ రోడ్డులో ఒకే బేకరీ ఉంది. నడిపే ఆయన్ని ఊళ్ళో అందరూ భాయి అనే పిలుస్తారు. నాకంటే ఐదారేళ్ళు చిన్న. సంగతి చెప్పి రోల్స్ నాలుగు కట్టమన్నాను. ఆయన అద్దాల బీరువా వైపు చూశాడు గానీ తలుపు తీయలేదు.

"ఉన్నయ్ అన్నా. కానీ బాలింతకి నేనివ్వను. పొద్దుటివి. లోపల వెన్న కాదు, డాల్డా. అమ్ముకునేవాణ్ణి నేనే చెప్తన్నా, ఇంట్లో చేసుకోండి."

"ఇంట్లో నాకెవరు చేస్తారు భాయ్?"

"ఎవరో ఎందుకు, నువ్వు చెయ్యి. లెక్కలోడివేగా. ఇదీ లెక్కే."

కాగితం ముక్క మీద ఆయన చెప్పిందంతా రాసుకున్నాను. పిండి పావుకిలో. పాలూ నీళ్ళూ కలిపి నూట అరవై గ్రాములు. ఈస్టు మూడు గ్రాములు. బెల్లం పొడి ఒక చెంచా, ఉప్పు ముప్పావు చెంచా. ఓవెన్ లేకపోతే కుక్కరు అడుగున వేలెడు మందాన ఉప్పు పోసి, దాని మీద స్టాండు పెట్టాలి. ఈస్టు పొట్లం చేతిలో పెడుతూ ఆయన ఒకటి అన్నాడు. "ఇది ప్రాణమున్న సరుకు అన్నా. నీ చెయ్యి సుఖంగా ఓర్చుకునే వేడే దానికి చాలు."

ఆ మాట నేను కాగితం మీద రాసుకోలేదు. అందులో అంకె లేదుగా!

ఇంటికి వచ్చాక మా ఆవిడతో ఒప్పందం కుదిరింది. మైదా వద్దు, గోధుమపిండి. వెన్న మేము పాలు పోయించుకునే ఇంటి నుంచి. వెల్లుల్లి మాత్రం బుట్టలోని పాతదే. "నువ్వు చేసుకో, నేను ముట్టుకోను" అన్నది చివరికి.

ఆరో రోజు పొద్దున మొదటి వాయి. బాలింత స్నానానికని పెరట్లో పొయ్యి మీద కాగుతున్న నీళ్ళలోంచి చెంబుడు తీసుకుని అందులో ఈస్టు వేశాను. రెండు గంటలైనా ముద్ద కదల్లేదు. ఏడు ఉండలూ రాళ్ళలాగా వచ్చాయి. పైగా కుక్కరు మూతకి గాస్కెట్ తీసేయాలని కూడా మర్చిపోయాను. అది కరిగి మూత చుట్టూ జిగురులాగా అంటుకుంది. ఇల్లంతా రబ్బరు వాసన. మా ఆవిడ ముక్కుకి పైట కొంగు అడ్డం పెట్టుకుని, "వెల్లుల్లి ఎక్కడయ్యా ఇందులో?" అన్నది.

సాయంత్రం రెండో వాయి. ఈసారి ముద్ద పొంగింది. కుక్కరు ముందుగా వేడి చేయకుండా రోల్స్ పెట్టి, మంట పెద్దది చేశాను. అడుగు బొగ్గు, పైన పచ్చి పిండి. వెన్నలో వెల్లుల్లి వేసి ఎర్రగా వేయించాను, మా ఆవిడ కారానికి వేయించినట్టే. అది కుక్కర్లో ఇంకా మాడి విషం లాగా చేదెక్కింది. అమ్మాయి ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నా మొహం చూసి, మింగింది. రెండో ముక్క తీసుకోలేదు. వేలు కాల్చుకున్నది కూడా అప్పుడే.

ఏడో రోజు పొద్దున ఆరున్నరకు మనవణ్ణి తూచాను. కాటా మీద రెండు ఏడువందల నలభై ఆరు. తరుగు నూట తొంభై పోను రెండు ఐదువందల యాభై ఆరు.

మళ్ళీ తూచాను. అంతే వచ్చింది. మూడోసారి తూచాను. ఒక్క రోజులో నూట ఇరవై ఎనిమిది గ్రాములు పోయాయి. పుట్టిన బరువు నుంచి మొత్తం మూడువందల నాలుగు. పదో వంతు గీత దాటి పద్దెనిమిది.

నేను దాచుకుని ఉండాల్సింది. నాకు అంకెలు దాచడం రాదు. "ఎంత?" అని అడిగింది అమ్మాయి. చెప్పేశాను.

ఆమె ఏడవలేదు. పిల్లవాణ్ణి ఒళ్ళోకి తీసుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. "నా పాలు చాలట్లేదు నాన్నా" అన్నది, అంతే. ఆ పూట కంచం అసలు చూడలేదు. మా ఆవిడ బతిమాలలేదు కూడా. కంచం మీద మూత పెట్టి అక్కడే వదిలేసింది.

నర్సమ్మకి ఫోన్ చేశాను. ఆమె బరువు గురించి కాకుండా ఇంకేదో అడిగింది.

"రోజుకి ఎన్ని గుడ్డలు తడుపుతున్నాడండీ?"

"నిన్న ఏడు. ఇవాళ పొద్దుటి నుంచి మూడు."

"లెక్క బాగానే పెట్టారే! ఏడుస్తున్నాడా, గట్టిగా పట్టుకుని తాగుతున్నాడా?"

"తాగుతున్నాడు. ఏడుపు వీధి చివరికి వినిపిస్తుంది."

"అయితే కంగారు పడకండి. ఎల్లుండి నేను మీ వీధికే వస్తున్నా, నా కాటా తెస్తా. మత్తుగా పడుకుని లేవకపోయినా, గుడ్డలు తడపడం తగ్గినా అప్పటిదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఈలోపు అమ్మాయిని కడుపునిండా తిననివ్వండి, నీళ్ళు తాగనివ్వండి. అన్నిటికన్నా ముందు, ఆ పిల్లని భయపెట్టకండి."

ఆమె వద్దన్న ఆ చివరి పని నేను అప్పటికే చేసేశాను.

మధ్యాహ్నం మూడో వాయి పెట్టాను. అన్నీ కాగితం ప్రకారమే చేశాను. పొయ్యి ముందు నిలబడి మూడువందల నాలుగుని ఏడు రోజులకి పంచుతూ, రోజుకి ఎంత పడుతుంది, ఇట్లాగే పోతే పద్నాలుగో రోజుకి ఎంత మిగులుతుంది అని కట్టుకుంటూ ఉండిపోయాను. పొగ వచ్చేదాకా తెలియలేదు. ఏడూ మాడిపోయాయి. కోల్డ్ స్టోరేజీలో ఒక బండి లెక్క తప్పితే మర్నాడు సరిచేసుకోవచ్చు. ఆ ఏడు రోల్స్ చెత్తబుట్టలో వేస్తుంటే, ఇంక నా వల్ల కాదనిపించింది.

సాయంత్రం మా ఆవిడ బజారుకి వెళ్ళి వచ్చింది. సంచిలోంచి మెంతికూర రెండు కట్టలు, కొత్త వెల్లుల్లి అరకిలో తీసి నా ముందు పెట్టింది. కొత్త పంట అప్పుడే బండ్ల మీదికి వస్తోంది. పొట్టు ఇంకా తడిగా, తెల్లగా, కాడలతో సహా ఉన్నాయి.

"పాతవి అయిపోయినయ్" అన్నది నా వైపు చూడకుండా. "మెంతికూర పాలకి మంచిది. అది కూడా పెట్టి చుట్టు."

దూలానికి వేలాడే బుట్టలో ఇంకా ఏడు గడ్డలు ఉన్నాయి. నాకు తెలుసు.

ఎనిమిదో రోజు పొద్దున నాలుగున్నరకే లేచి పిండి కలిపాను. పాలూ నీళ్ళూ కలిపి, అందులో వేలు పెట్టి పది లెక్కపెట్టాను. హాయిగా ఉంది. భాయి చెప్పింది ఇదన్నమాట. ఈస్టు, బెల్లం వేసి పది నిమిషాలు ఆగితే పైన నురగ కట్టింది. పిండి వేసి పావుగంట పిసికాను. ముద్ద మొదట చేతికి అంటుకుంది, తర్వాత చెవి తమ్మె అంత మెత్తగా వచ్చింది. ఉసిరికాయంత ముద్ద తీసి గాజు గ్లాసులో వేసి, పెన్నుతో గీత పెట్టాను. గ్లాసులో ముద్ద గీతకు రెట్టింపు ఎత్తు వస్తే గిన్నెలోదీ వచ్చినట్టే. గిన్నెనీ గ్లాసునీ పెరట్లో నీళ్ళ పొయ్యికి మూరెడు దూరంలో పెట్టాను. మంచు పడుతున్న పొద్దు. గంటా పది నిమిషాలు పట్టింది.

ఆ మధ్యలోనే మనవణ్ణి తూచాను. రెండు ఐదువందల అరవై ఎనిమిది. పన్నెండు పెరిగాడు, గీతకి ఇంకా ఆరు అవతలే. ఈసారి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

వెన్న యాభై గ్రాములు కరిగించి, పొయ్యి మీద నుంచి దించేసి, అప్పుడు వేశాను వెల్లుల్లి. పద్నాలుగు రెబ్బలు, సన్నగా తరిగినవి. కొత్త వెల్లుల్లి కాబట్టి తరుగుతుంటే చెమ్మ వచ్చింది, ఘాటు కళ్ళల్లోకి ఎక్కలేదు. దించిన వెన్న వేడికే అది తెల్లగా ఉండగానే మెత్తబడింది. మొన్నటి చేదంతా ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. గుప్పెడు మెంతాకు, కొద్దిగా కాడల తరుగు, ఉప్పు. పొంగిన ముద్దని పీట మీద పలచగా వత్తి, అదంతా పూసి, చాప చుట్టినట్టు చుట్టాను. కత్తితో కోస్తే నలుగుతుందని భాయి చెప్పాడు. కింద నుంచి దారం పోనిచ్చి, పైన రెండు కొసలూ అడ్డంగా లాగితే చక్కగా తెగింది. ఏడు ముక్కలు. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. మా కుక్కరు పళ్ళెంలో అంతకన్నా పట్టవు. పైన నువ్వులు.

గాస్కెట్ ఎలాగూ లేదు. విజిల్ తీసి, ఉప్పు పోసి, పది నిమిషాలు ఖాళీగా వేడి చేసి, అప్పుడు పళ్ళెం దింపాను. చిన్న మంట మీద ఇరవై ఎనిమిది నిమిషాలు. ఆ ఇరవై ఎనిమిది నిమిషాలూ గడియారం తప్ప ఇంకేదీ చూడలేదు, ఇంకేదీ కట్టలేదు.

పద్దెనిమిదో నిమిషానికి వాసన మొదలైంది. లోపలి గదిలోంచి అమ్మాయి గొంతు.

"నాన్నా, ఏంటది?"

చెవుల్లో దూది పెట్టగలిగింది గానీ, మా ఆవిడ ఆ పిల్ల ముక్కులో పెట్టలేదుగా!

మూత తీసేసరికి ఏడూ ఒకదానికొకటి ఆనుకుని, ఎర్రమట్టి రంగులో ఉబ్బి ఉన్నాయి. కంచంలో పెట్టి తీసుకెళ్ళాను. అమ్మాయి మధ్య రోల్ తీసుకుని, చుట్టని వేలితో విప్పుకుంటూ, లోపలి నుంచి తిన్నది. ఒకటి అయింది. రెండోది తీసుకుంది. నేను గుమ్మం దగ్గర, మా ఆవిడ మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాం. మూడోది సగంలో ఉండగా తలెత్తి, "ఏంటి అట్లా చూస్తారు ఇద్దరూ? దిష్టి తగులుద్ది" అన్నది. ఆ మాట విన్నాక నేను గడప మీదే కూర్చున్నాను.

మధ్యాహ్నం పెసరపప్పు కట్టులో ముంచుకుని ఇంకో రెండు తిన్నది. మిగిలిన రెండింటిలో ఒకటి మా ఆవిడ, ఒకటి నేను. మా ఆవిడ నమిలి నమిలి తీర్పు చెప్పింది. "మెంతికూర పడబట్టి బాగుంది." సాయంత్రం అమ్మాయి తనంతట తానే నీళ్ళ చెంబు అడిగింది. పిల్లవాడు తాగి తాగి, ఒళ్ళోనే నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

రోల్స్ వల్ల పాలు పడ్డాయా, అన్నం మీద మనసు తిరిగి పడ్డాయా, ఎనిమిదో రోజుకి పడవలసినవే పడ్డాయా, నేను తేల్చలేను. ఒకే పిల్లవాడు, ఒకే తల్లి. ఇంకో బస్తా పెట్టి పోల్చి చూసే లెక్క కాదిది.

తొమ్మిదో రోజు పొద్దున నా కాటా రెండు ఐదువందల ఎనభై ఆరు చూపించింది. తగ్గింది రెండువందల డెబ్బై నాలుగు. గీతకి లోపలికి వచ్చాడు, కానీ పన్నెండు గ్రాముల మేరకే. పదకొండు గంటలకి నర్సమ్మ వచ్చింది. సంచిలోంచి తన కాటా తీసి, మనవణ్ణి గుడ్డలన్నీ విప్పి పడుకోబెట్టింది.

"రెండు ఏడువందల పది."

"కాదండీ" అన్నాను నేను.

"ఏంటి కాదు?"

"మీ కాటా ఎక్కువ చూపిస్తోంది. రెండు ఐదువందల ఎనభై ఆరు ఉండాలి."

మా ఆవిడ తల కొట్టుకుంది. "పిల్లాడు బరువుంటే నీకేంటయ్యా నొప్పి?"

నేను వినలేదు. కిలో రాయి తెచ్చాను. ఆమె కాటా మీద పెట్టాను, వెయ్యి. నా కాటా మీద పెట్టాను, వెయ్యి. రెండూ సరిగ్గానే ఉన్నాయి. నర్సమ్మ చేతులు కట్టుకుని నిలబడి, "సరే, మీరు రోజూ ఎట్లా తూస్తారో ఒకసారి చూపించండి" అన్నది.

చూపించాను. పళ్ళెం పెట్టి సున్నా. గుడ్డలో చుట్టి మనవడు. అంకె చెప్పి, "తరుగు నూట తొంభై" అన్నాను.

ఆమె వంగి, గుడ్డ అంచుని రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. "ఇది నూట తొంభయ్యా?"

నేను అప్పుడే చూశాను ఆ గుడ్డని. మూడు రోజులుగా నా చేతులతో చుడుతున్న గుడ్డే. తుండుగుడ్డ కాదది. మెత్తగా నలిగిపోయిన నేత చీర ముక్క.

"తుండు గరుగ్గా ఉంది, పిల్లాడి వీపు ఎర్రబడతందని ఉతుక్కి వేశాగా" అన్నది మా ఆవిడ. "మొన్నటి నుంచి ఇదే. మా అమ్మ చీర."

మనవణ్ణి ఆమెకి అందించి, ఆ ముక్కని కాటా మీద వేశాను. అరవై నాలుగు.

నూట తొంభైలో అరవై నాలుగు పోతే నూట ఇరవై ఆరు. ఏడో రోజు పొద్దుటి నుంచి నా మనవడి ఒంట్లోంచి నేను రోజూ అన్యాయంగా తీసేసిన తరుగు అది. వాడు గీత దాటనే లేదు. ఆ రోజు తగ్గింది రెండే రెండు గ్రాములు. ఆ మర్నాడు పన్నెండు, ఇవాళ పద్దెనిమిది పెరిగాడు. ఇవాళ్టి సరైన లెక్క రెండు ఏడువందల పన్నెండు; నర్సమ్మ కాటా పది గ్రాముల మెట్టు మీద చూపిస్తుంది కాబట్టి ఆ రెండు గ్రాముల తేడా కూడా కుదిరింది. ఇరవై ఎనిమిదేళ్ళలో అంత తప్పు తూకం నేను వేయలేదు. ఒక తప్పు బయటపడినందుకు అంత హాయి కూడా ఎప్పుడూ కలగలేదు.

"ఆ గుడ్డ కూడా ముందే పెట్టి సున్నా చేస్తే పోయేదిగా!" అన్నది నర్సమ్మ.

"అలవాటు లేదండీ" అన్నాను.

లోపలి నుంచి అమ్మాయి నవ్వు. దూది తీసేసింది కాబోలు, అంతా విన్నది. పొట్ట పట్టుకుని, "కుట్లు లాగుతున్నాయి, నవ్వించొద్దు" అంటూనే నవ్వుతోంది. నవ్వుతుంటే కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. నేను వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను. రెండు రోజులు ఆ పిల్ల తన పాలనే తప్పు పట్టుకుంది.

"నాన్నా, తరుగు ఎక్కువ తీసిన కాటా వాణ్ణి మీ దగ్గర ఏం చేస్తారు?"

"తీసింది తిరిగి ఇమ్మంటారు."

"అయితే ఇయ్యి. గ్రాముకో రోల్. నూట ఇరవై ఆరు."

"నిన్న ఒక వాయి పెట్టాగా, ఏడు పోతే..."

"అవి లెక్కలోకి రావు. అవి నీ తప్పు బయటపడకముందువి."

నర్సమ్మ కూడా తీర్పు అటే చెప్పింది. పోయేటప్పుడు నా కాటాని తిరిగి కోల్డ్ స్టోరేజీలో ఇచ్చెయ్యమన్నది. ఆ మధ్యాహ్నమే ఇచ్చేశాను. పద్నాలుగో రోజు ఆమె వచ్చి తూచినప్పుడు వాడు పుట్టినప్పటి బరువు మీద పది గ్రాములు ఎక్కువే ఉన్నాడు.

మూడో నెలలో ఒంగోలు వెళ్ళేదాకా మెంతికూరతో, తర్వాత కొత్తిమీరతో ఆరు వాయిలు పెట్టాను. వేసవిలో వచ్చినప్పుడు చింతచిగురుతో రెండు. ఆ పులుపుకి వెన్న కాస్త ఎక్కువ పడుతుంది. ఆషాఢంలో మునగాకుతో రెండు చేసి బస్సులో తీసుకెళ్ళాను. మొన్న జనవరిలో, పథ్యాలన్నీ తీరిపోయాయి కాబట్టి, పండుమిర్చి నూరి వెన్నలో కలిపి ఒకటి. పదకొండు వాయిలు, డెబ్బై ఏడు. అందులో రెండు రోల్స్ అడుగంటాయని అమ్మాయి కొట్టేసింది. పిల్లవాడికి ఇప్పుడు ఏడాది నిండింది. రోల్ చుట్ట విప్పి, వెన్న ఉన్న మధ్యముక్క మాత్రమే తింటాడు. వాడు తిన్నవి కూడా వాళ్ళమ్మ ఖాతాలోనే రాయమన్నది.

నూట ఇరవై ఆరులో డెబ్బై ఐదు తీరాయి. ఈ రోజుకి నేను బాకీ ఉన్నవి యాభై ఒకటి.